మంత్రిగారి తరఫు కొలెస్ట్రాల్

"నేటి నుంచి తొంభై రోజుల్లో మన ప్రజల రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ అన్నది లేకుండా చేస్తాం. ఇది హామీ కాదు. కొలెస్ట్రాల్‌కి నేనిస్తున్న ఆఖరి హెచ్చరిక!"

ఆరోగ్య మంత్రిగారు ఈ మాట అంటూ బల్ల గుద్దేసరికి, బల్ల మీద పేర్చిన వెల్లుల్లి నూనె సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. విలేకరులు చప్పట్లు కొట్టారు. విలేకరులు చప్పట్లు కొట్టడం మామూలుగా జరిగే పని కాదు గానీ, ఆ రోజు ఒక్కొక్కరి ఒళ్ళో అర డజను సీసాల గిఫ్టు ప్యాకెట్టు ఉంది. చేతులు ఖాళీ లేనివాళ్ళు ఆ ప్యాకెట్ల మీదే కొట్టారు.

ఇదంతా మంత్రిగారి పీఏ భార్య ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తోంది. నిజం చెప్పాలంటే ఆవిడ చూస్తున్నది మంత్రిగారిని కాదు. మంత్రిగారి ఎడమ భుజం వెనక ఒక సగం మొహం కనిపిస్తుంది. ఒక కన్ను, ఒక చెవి, సగం మీసం. అది ఆవిడ భర్త. ఇరవై రెండేళ్ళుగా ఆ మొహంలో ఎడమ సగం ఒక్కటే దేశసేవలో ఉంది. రెండో సగం మంత్రిగారి భుజం చాటున విశ్రాంతి తీసుకుంటుంది.

"యాంటీ ఆక్సిడెంట్ అంటే ఏమిటో సామాన్యుడికి అర్థమయ్యేలా చెబుతారా సార్?" అన్నాడో విలేకరి.

"చాలా తేలిక. మన ఒంట్లో పనీపాటా లేకుండా తిరిగే కొన్ని కణాలుంటాయి. అవి కనపడ్డదాన్నల్లా పాడుచేస్తాయి. అదీ ప్రతిపక్షం. వాటిని పట్టుకుని కూర్చోబెట్టేది యాంటీ ఆక్సిడెంట్. అదీ మన పార్టీ. వెల్లుల్లి నూనెలో మన పార్టీ పుష్కలంగా ఉంది."

"మరి మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు. చెడ్డది మన పార్టీలో చేరితే మంచిదైపోతుందా సార్?"

"తలుపులు తెరిచే ఉన్నాయి," అన్నారు మంత్రిగారు హుందాగా.

ఆ తరవాత అసలు ప్రకటన చేశారు. ఈ ఉద్యమంలో మొదటి సభ్యులు మంత్రిగారే. ఇవాళే రక్తం ఇస్తారు. తొంభై రోజులు రోజుకి రెండు చెంచాల వెల్లుల్లి నూనె తాగుతారు. మళ్ళీ రక్తం ఇస్తారు. రెండు రిపోర్టులూ ప్రజల ముందు పెడతారు. తేడా ప్రజలే చూసుకోవచ్చు.

భుజం వెనక సగం మొహం తెల్లబోవడం ఈ లోకంలో ఒక్క మనిషే గమనించింది.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చొక్కా మార్చుకుంటుంటే ఎడమ మోచేతి మడతలో దూది అంటించి ఉంది.

"ఏమిటండీ అది?"

"ఏం లేదు. మంత్రిగారి రక్తపరీక్ష."

"మంత్రిగారి పరీక్షకి మీ మోచేతికి దూదెందుకు?"

"ఆయన తరఫున నేనిచ్చాను. మంచినీళ్ళివ్వు."

ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆశ్చర్యపోలేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన మంత్రిగారి తరఫున చెయ్యని పని లేదు. ఉత్తరాల కింద "మంత్రిగారి తరఫున" అని రాసి సంతకం పెట్టడంతో మొదలైంది. తరవాత మంత్రిగారి తరఫున పెళ్ళిళ్ళకి వెళ్ళి జంటల్ని దీవించాడు. శవాల మీద పూలదండలు వేశాడు. మంత్రిగారి అత్తగారు పోయినప్పుడు కళ్ళు తుడుచుకున్నదీ ఈయనే. ఒకసారి నిరాహారదీక్షలో మంత్రిగారు భోజనానికి వెళ్ళొచ్చేదాకా గంటన్నర దీక్ష కూడా చేశాడు. ఆ గంటన్నరకీ ఈయన కడుపులో నిజంగా ఏమీ లేదు. అంత నిజాయితీపరుడు.

"ఆయనకి సూదంటే భయమా?"

"ఛ! ఆయనకి భయమేమిటి? టైము లేదు. ల్యాబు అమ్మాయి సూది తీసేసరికి అర్జెంటు మీటింగు గుర్తొచ్చి కళ్ళు మూసుకుని సోఫాలో వాలిపోయారు. లేచాక 'ఏమయ్యా పీఏ, ఇంకా నిలబడ్డావేం' అన్నారు. చెయ్యి చాపాను."

*

రిపోర్టు మర్నాడొచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ మూడువందల పన్నెండు.

మంత్రిగారు దాచలేదు. "నా రక్తం ప్రజల ముందు పరిచిన పుస్తకం," అంటూ కాగితాన్ని కెమెరాలకి చూపించారు. నంబరు ఎక్కువొచ్చిందని మాత్రమే కార్యకర్తలకి అర్థమైంది. మధ్యాహ్నానికల్లా వీధి చివర ఫ్లెక్సీ వెలిసింది: 'మూడువందల పన్నెండుతో దూసుకుపోతున్న మన నాయకుడికి శుభాకాంక్షలు.' కుర్రకారు టపాకాయలు కాల్చారు.

పీఏ భార్య టపాకాయల మోతకి కిటికీ మూసి, అటక మీంచి తన కాలేజీ నాటి గృహవిజ్ఞానం పుస్తకం దించి దుమ్ము దులిపింది. రెండువందల లోపు ఉండాలని అందులో ఉంది. ఆ వాక్యం కింద ఎప్పుడో తనే గీత గీసుకుంది, పరీక్షలో వస్తుందని. ఇరవై ఆరేళ్ళ తరవాత వచ్చింది.

"మీకు మూడువందల పన్నెండు ఉందండీ."

"నాకు కాదు. మంత్రిగారికి."

"రక్తమెవరిది?"

"రక్తం నాదే. కానీ ఆఫీసు టైములో ఇచ్చింది. ఆఫీసు టైములో చేసింది ఏదైనా ఆఫీసుదే అవుతుంది. నేను రాసిన ఉత్తరం నాదవుతుందా? ఇదీ అంతే."

"మీ నాన్నగారు యాభై ఒకటో ఏట గుండె పట్టుకుని కూలబడిపోయారు. మీకిప్పుడు యాభై."

"మా నాన్న పీఏ కాదు," అన్నాడాయన, అదేదో మందులాగా.

"పోనీ మీ పేరు మీద ఒకసారి పరీక్ష చేయించుకుందాం."

"పిచ్చా నీకు? నాకూ మూడువందల పన్నెండే వస్తే? ఒకే ఆఫీసులో ఇద్దరికి అచ్చు అదే నంబరంటే విలేకరులు ఊరుకుంటారా? ప్రభుత్వ రహస్యం బయటపెట్టానని నా ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడ పుస్తకం మూసేసింది. ఆయన తన కోసం ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా ముంచుకోడు, మంత్రిగారి కోసమైతే బావి తవ్వుతాడు. ఈ సంగతి ఆవిడకి పెళ్ళైన మొదటి నెలలోనే తెలుసు.

*

నూనె సీసా ఇంటికొచ్చింది. మంత్రిగారు రోజూ ఉదయం కెమెరా ముందు చెంచా నోటిదాకా తీసుకెళతారు. కెమెరా ఆగిపోయాక చెంచా పీఏ నోటిదాకా వెళుతుంది. రెండో చెంచా సాయంత్రం ఇంట్లో.

పీఏ భార్య మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ముక్కుకి జలుబేమో అనుకుని వంటింట్లో ఇంగువ డబ్బా వాసన చూసి వచ్చింది. ముక్కు బాగానే ఉంది.

"ఏమండీ, వెల్లుల్లి నూనెకి వెల్లుల్లి వాసనే లేదేం?"

"అదే కదా ప్రభుత్వం సాధించింది! మొదటి డబ్బా తెరిచినప్పుడు మంత్రివర్గ సమావేశంలో ఒకరి పక్కన ఒకరు కూర్చోలేకపోయారు. వాసన నిర్మూలన కమిటీ వేశారు. నూనెని నల్లబడేదాకా మరగబెట్టి, ఏడుసార్లు వడగట్టి, గులాబీ రంగు కలిపారు."

"వెల్లుల్లిని దంచి కాసేపు గాలికి వదిలితే దాని గుణం పైకొస్తుంది. అలా మరగబెడితే ఉన్నది కాస్తా పోతుంది. ఘాటు పోయాక ఇంకేం మిగిలిందని?"

"బ్రాండు," అన్నాడు పీఏ, కళ్ళు మూసుకుని చెంచా మింగుతూ.

ఇంతలో పార్టీ పెద్దలకి ఒక అనుమానం వచ్చింది. మూడువందల పన్నెండు ఉన్న మంత్రిగారికి తొంభై రోజుల్లోపు ఏదైనా అయితే నూనెకి చెడ్డపేరు వస్తుంది కదా. అందుకని పెద్ద గుండె డాక్టరుని పిలిపించారు. ఆయన రిపోర్టు చూసి కళ్ళజోడు పైకి నెట్టుకుని, రాత్రిపూట వేసుకోవడానికి టాబ్లెట్లు రాశాడు. రోజూ నలభై నిమిషాల నడక, నెయ్యీ వేపుళ్ళూ బంద్, ఉడికించిన కూరలు, చప్పిడి పప్పు. పైగా మంత్రిగారు ఎక్కడికి వెళ్ళినా వెనకాలే ఒక అంబులెన్సు ఉండాలన్నాడు.

మంత్రిగారు ఈ సలహాలన్నీ శ్రద్ధగా విన్నారు. "ఏమయ్యా పీఏ, రాసుకున్నావా?" అన్నారు.

రాసుకున్నాడు. ఆ రోజు నుంచి మంత్రిగారి టాబ్లెట్లు పీఏ వేసుకున్నాడు. మంత్రిగారి బంగళా తోటలో మంత్రిగారి నడక పీఏ నడిచాడు. తుపాకీ పట్టుకుని ఒక గార్డు వెనకాల నడిచాడు, ఎందుకంటే నడిచేది ఎవరైనా నడక మంత్రిగారిది. స్టీలు క్యారియర్‌లో వచ్చిన ఉడికించిన సొరకాయ పీఏ తిన్నాడు. తన కొలెస్ట్రాల్ ఇంత నమ్మకస్థుడి చేతిలో పడ్డందుకు నిశ్చింతగా మంత్రిగారు రెండో ప్లేటు వేపుడు తెప్పించుకున్నారు.

పీఏ భార్యకి ఆ తొంభై రోజులూ పండగే. బెల్టుకి రెండు కన్నాలు లోపలికి పొడిచింది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడే మనిషి, మెట్లెక్కి వచ్చి కాఫీ అడుగుతున్నాడు. ఎదురింటి పిన్నిగారు చూసి, "మీ ఆయన సన్నబడ్డాడేం? దిగులా?" అంది.

"మంత్రిగారు డైటింగ్ చేస్తున్నారండీ," అంది పీఏ భార్య.

పిన్నిగారు ఆ జవాబుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, పనికొచ్చేలా లేదని వదిలేసింది.

*

తొంభై ఒకటో రోజున రెండో రిపోర్టు వచ్చింది. నూట డెబ్బై ఎనిమిది.

ఈసారి నంబరు తగ్గిందని కార్యకర్తలు కాసేపు డీలాపడ్డారు. ఓడిపోయామేమో అనుకుని ఒకరిద్దరు పక్క పార్టీ ఆఫీసు వైపు నడిచారు కూడా. తగ్గడమే గెలుపని చెప్పి వాళ్ళని వెనక్కి తీసుకురావడానికి గంట పట్టింది.

"సోదరులారా! మూడువందల పన్నెండు ఎక్కడ, నూట డెబ్బై ఎనిమిది ఎక్కడ! ఇది వెల్లుల్లి నూనె విజయం. ఇక మన ఆసుపత్రుల్లో కొలెస్ట్రాల్ టాబ్లెట్లతో పనేముంది? నా టాబ్లెట్లతో మొదలుపెట్టి అందరివీ ఈ రోజు నుంచే ఆపేస్తున్నాను. చెంచా పట్టండి, టాబ్లెట్ వదలండి!"

గుండె డాక్టరు లేచి, నూనె కాస్తో కూస్తో మేలు చేస్తే చేస్తుందేమో గానీ టాబ్లెట్లు మానమని తను అనలేదని చెప్పబోయాడు. మైకు ఆయన దాకా రాకముందే ఆయన మెడలో దండ పడింది. దండ పెద్దది. నోటి దాకా వచ్చింది.

ఆ రాత్రి పీఏ ఉత్తచేతులతో వచ్చాడు. టాబ్లెట్ల కవరు లేదు.

"ఏవండీ మాత్రలు?"

"ఆపేశారు. ఉత్తర్వు వచ్చింది."

"ఉత్తర్వు రాసిందెవరు?"

"నేనే. మంత్రిగారి తరఫున."

"రాసేటప్పుడు చదివారా?"

"చదివితే రాయలేం," అన్నాడు పీఏ. తన పనిలోని మెలకువ ఒకటి భార్యకి నేర్పుతున్నవాడిలా.

మర్నాడు ఆవిడ పాత మందుల చీటీ పట్టుకుని వీధి చివర షాపుకి వెళ్ళింది. షాపతను చీటీ చూసి లేచి నిలబడ్డాడు. "ఇది మంత్రిగారి పేరు మీద ఉందమ్మా. ఆయనకి తగ్గిపోయిందిగా, పేపర్లో వేశారు! తగ్గినవాళ్ళకి ఇస్తే నా లైసెన్సు పోతుంది," అన్నాడు. ఆవిడ వెళ్ళబోతుంటే ఒక సీసా వెల్లుల్లి నూనె చేతిలో పెట్టాడు. అది ఊరికే ఇస్తున్నారు.

అక్కణ్ణుంచి ఆవిడ నేరుగా ఆసుపత్రి ల్యాబుకి వెళ్ళింది. రక్తం తీసిన ల్యాబు అమ్మాయి గాజు గొట్టాల మీద పేర్ల చీటీలు అంటిస్తోంది.

"ఇదుగోమ్మా, ఆ రోజు మీరు రక్తం తీసింది మా ఆయన దగ్గర. అవునా?"

"అక్కా, నాకు గొట్టం మీద పేరే తెలుసు, చెయ్యి ఎవరిదో తెలీదు. తెలుసుకోవద్దని చెప్పారు," అంది ఆ అమ్మాయి. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "కానీ ఒక మాట. ఆ చెయ్యి ఎవరిదైనా ఆ మాత్రలు మాననివ్వకు. వాళ్ళ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉంటే డాక్టరుకి వెంటనే చూపించు. నూట డెబ్బై ఎనిమిది చేసింది నూనె కాదక్కా."

"ఆయన తన కోసం రారమ్మా."

"అయితే నీ కోసం రమ్మను."

ఆవిడ తన కోసం రమ్మంది. ప్రైవేటు క్లినిక్‌లో గురువారం పదకొండు గంటలకి టోకెను తీసుకుంది. గురువారం మంత్రిగారికి రిబ్బను కత్తిరించే పని పడింది. పై గురువారానికి మార్చింది. మంత్రిగారికి తుమ్ములొచ్చాయి, తుమ్మిన దానికి పరామర్శించే వాళ్ళని పీఏ పరామర్శించాలి. అలా నాలుగు గురువారాలు గడిచాయి. తోటలో నడక ఆగిపోయింది. సొరకాయ క్యారియర్ ఆగిపోయింది. ఆవిడ ఇంట్లో చప్పిడి వండుతూనే ఉంది గానీ, ఆయన మూడు పూటలూ మంత్రిగారి బంగళాలోనే తింటున్నాడు. విజయోత్సాహంలో మంత్రిగారు ఎవరినీ తినకుండా వదలడంలేదు.

బెల్టు ఒక కన్నం బయటికి వచ్చింది. మెట్ల దగ్గర ఆయన మధ్యలో ఆగి, రైలింగు మీద రంగు ఎలా ఉందో పరిశీలిస్తున్నట్టు నిలబడుతున్నాడు.

"ఈ మెట్లకి రంగు వేయించాలోయ్."

"ముందు ఊపిరి పీల్చుకోండి. రంగు సంగతి తరవాత చూద్దాం."

ఐదో గురువారం వచ్చింది. పదకొండు గంటల టోకెను. పది గంటలకి విజయోత్సవ సభ.

"సభ అయిపోగానే వచ్చేస్తానుగా."

"ఒట్టు పెట్టండి."

"ఒట్టే."

"మీ తరఫునేనా?"

ఆయన చెప్పులు తొడుక్కునేటప్పుడు కొంచెం ఎక్కువసేపు వంగి ఉండిపోయి, సగం నవ్వి వెళ్ళిపోయాడు.

*

విజయోత్సవ సభని అన్ని చానెళ్ళూ ప్రత్యక్షంగా చూపించాయి. పీఏ భార్య వీధి చెప్పులు కాళ్ళకి వేసుకునే కూర్చుంది, ఆయన రాగానే క్లినిక్‌కి బయల్దేరాలని. ఎదురింటి పిన్నిగారు కూడా వచ్చి కూర్చుంది. వాళ్ళింట్లో టీవీ పాడైంది.

వేదిక మీద ఇద్దరు మనుషులెత్తు వెల్లుల్లిపాయ బొమ్మ ఉంది. దాని రేకులు విచ్చుకుంటే లోపల్నుంచి మంత్రిగారు బయటికొస్తారు. వచ్చారు. భుజం వెనకే సగం మొహం కూడా వచ్చింది, ఫైలుతో సహా. ఒక్క పాయలో ఇద్దరు ఎలా పట్టారో గానీ ఆ ఏర్పాటుని మెచ్చుకోవాలి.

"ఈ రోజు నా గుండె," అన్నారు మంత్రిగారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఇరవై ఏళ్ళ కుర్రాడి గుండె!"

సగం మొహం చెమటతో మెరిసింది. సగం మీసం వంకరపోయింది. మంత్రిగారి భుజం మీదుగా ఒక చెయ్యి పైకొచ్చి, భుజాన్ని పట్టుకుంది. ఫైలు కింద పడింది.

పీఏ భార్య లేచి నిలబడింది.

"ఏమైందే?" అంది పిన్నిగారు.

"ఆయన ఫైలు పడేశారు." ఇరవై రెండేళ్ళలో పడేసింది లేదు.

సరిగ్గా అప్పుడే వేదిక పక్క అంబులెన్సు సిబ్బంది నలుగురు స్ట్రెచరుతో పైకి ఉరికారు. వాళ్ళు తొంభై రోజులు ఇదే డ్రిల్లు చేశారు: వేదిక మీద గుండెనొప్పి వస్తే పది సెకన్లలో గుండె రోగిని ఎత్తాలి. గుండె రోగి ఎవరో వాళ్ళ కాగితం మీద స్పష్టంగా ఉంది. ఎనిమిది సెకన్లలో మంత్రిగారిని ఎత్తేశారు.

"ఏయ్! నాకేం కాలేదు! దించండి!" అన్నారు మంత్రిగారు మైకులో. తరవాత కెమెరాలన్నీ తన వైపు పరుగెత్తుకు రావడం చూశారు. జనం హాహాకారాలు విన్నారు. ఆయన నెమ్మదిగా వెనక్కి వాలి, పడుకున్నచోటు నుంచే రెండు చేతులూ జోడించి ప్రజలకి నమస్కారం పెట్టారు. అంత బాధలోనూ ప్రజలని మరవలేదని చానెల్ వ్యాఖ్యాత మూడుసార్లు చెప్పాడు.

స్ట్రెచరు వెనకాల, ఫైలు ఏరుకుని ఛాతీకి అదుముకుని, సగం మొహం నడుచుకుంటూ వెళ్ళి అంబులెన్సులో ముందు సీటెక్కింది. ముందు సీటు పీఏకి.

పీఏ భార్య ఫోను చేసింది. ఆరోసారికి ఎత్తాడు. వెనకాల సైరను.

"మంత్రిగారికి గుండెనొప్పి. ఆసుపత్రికి తీసుకెళుతున్నాం. నేను బిజీగా ఉన్నాను."

"నొప్పి ఎక్కడండీ?"

"ఛాతీలో. ఎడమ చెయ్యి కూడా లాగుతోంది. దవడ దాకా... మంత్రిగారికి."

"ఆయన ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు తాగి, చానెల్ మార్చమంటున్నారు. వెనక టీవీ ఉంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏడవచ్చు, అరవచ్చు, మీకేనండీ నొప్పి, మీరే పడుకోండి అని బతిమాలచ్చు. దేనికీ ఆయన లొంగడు. తన కోసం ఏ పనీ చెయ్యని మనిషి. ఆవిడ గొంతు సవరించుకుని, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఆసుపత్రిలో మంత్రిగారికి ఈసీజీ తియ్యాలి కదా?"

"తియ్యాలి."

"ఒంటి నిండా వైర్లు పెడతారు. తరవాత సూదులు గుచ్చుతారు. ఆయన పెట్టించుకుంటారా?"

"ఆయనా? వైరు చూస్తేనే మీటింగు గుర్తొస్తుంది."

"మరి ఎవరు పెట్టించుకోవాలి?"



"నేనే," అన్నాడు పీఏ.

"పెట్టించుకునేవాళ్ళు నిలబడి పెట్టించుకుంటారా?"

"పడుకోవాలి."

"అయితే దిగగానే చొక్కా విప్పి పడుకోండి. డాక్టరు ఏం చేస్తానన్నా చేయించుకోండి. ఎవరు లేవమన్నా లేవకండి. మీ డ్యూటీ మీరు చెయ్యండి."

"సరే," అన్నాడాయన. డ్యూటీ అనేసరికి గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "ఫైలు ఎవరికివ్వను?"

"తల కింద పెట్టుకోండి."

ఆవిడ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది. గేటు దగ్గర కార్యకర్తలు, పోలీసులు, కొవ్వొత్తులు. మంత్రిగారి బంధువులని తప్ప లోపలికి పంపడంలేదు. తను పీఏ భార్యనని చెప్పింది. "పీఏగారికేం అయిందమ్మా, ఆయన డ్యూటీలో ఉన్నారు," అని పంపేశారు. నాలుగు గంటలు ఎండలో నిలబడి, ఫోను కలవక, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంది. చెప్పులు విప్పలేదు. పిన్నిగారు అన్నం తెచ్చి పక్కన పెట్టింది. ముట్టుకోలేదు.

ఐదున్నరకి బులెటిన్ వచ్చింది. గుండె డాక్టరు కాగితం చూస్తూ చదివాడు.

"మంత్రిగారి గుండెకి వెళ్ళే ఒక రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. సకాలంలో తెరిచి స్టెంటు వేశాం. ఇంకో పావుగంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. మంత్రిగారికి ప్రాణాపాయం తప్పింది. ఇప్పుడే కళ్ళు తెరిచి, ఫైలు ఏదని అడిగారు."

ఫైలు అడిగారన్న మాట వినగానే పీఏ భార్య రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇదేం చోద్యమే!" అంది పిన్నిగారు బిత్తరపోయి. "మంత్రి బతికితే నువ్వేడుస్తావేం? ఇన్నాళ్ళూ ఆయన పేరెత్తితే మూతి తిప్పేదానివి!"

"మంచి మనిషండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడే తెలిసింది." అని చెప్పులు విప్పి, కంచం దగ్గరికి లాక్కుంది.

*

ఐదో రోజున పీఏ ఇంటికి వచ్చాడు. మంత్రిగారికి నలభై రోజులు పూర్తి విశ్రాంతి అని డాక్టరు రాశాడు. టాబ్లెట్లు మళ్ళీ మొదలు, రెండు రకాలు, జీవితాంతం. వాటి మీద మంత్రిగారి పేరుంది. ఈసారి ఆపే ఉత్తర్వు ఎవరూ రాయలేదు, రాసేవాడు మంచం మీద ఉన్నాడు.

పీఏ మంచం మీద అటూ ఇటూ కదిలాడు. "సెలవు పెట్టలేదోయ్. ఏమని పెట్టను? నాకే జబ్బూ లేదుగా. రేపట్నుంచి వెళ్ళాలి."

"మంత్రిగారు ఎక్కడున్నారు?"

"ఊళ్ళు తిరుగుతున్నారు. స్టెంటు వేసిన ఐదో రోజుకే లేచి తిరిగేలా చేసింది వెల్లుల్లి నూనే అని చెబుతున్నారు. సభలకి జనం విరగబడి వస్తున్నారట."

"ఆయనకి డాక్టరు రాసిందేమిటి?"

"నలభై రోజులు విశ్రాంతి."

"ఆయన తీసుకుంటున్నారా?"

"ఆయనకి తీరికేది?"

ఆవిడ దిండు సర్ది, దుప్పటి కప్పింది. ఆయన పైకప్పు వైపు చూసి, తల ఆడించి, బాధ్యత తెలిసిన ఉద్యోగిలా కళ్ళు మూసుకున్నాడు.

తలుపు దగ్గరికి వెయ్యబోతే కిర్రుమంది. ఆవిడ వంటింట్లోంచి గులాబీ రంగు సీసా తెచ్చి, మడతబందులకి రెండు చుక్కలు వేసి, వేలితో రాసింది. తలుపు చప్పుడు చెయ్యకుండా మూసుకుంది. ప్రభుత్వ వెల్లుల్లి నూనె వల్ల మేలు జరగలేదనడానికి ఇక వీల్లేదు.

వీధిలోకి మైకు కట్టిన వ్యాను వచ్చింది. 'మృత్యువుని జయించిన మహానాయకుడు, సాయంత్రం ఆరు గంటలకి...' అని మొదలుపెట్టింది. ఆవిడ గబగబా వరండాలోకి వెళ్ళి వేలు పెదాల మీద పెట్టి కసిరింది. డ్రైవరు కంగారుపడి మైకు ఆపేశాడు.

ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోంచి తొంగి చూసింది. "మీ ఆయన ఉన్నాడా అమ్మాయ్? మా టీవీ సంగతి మంత్రిగారికి ఒక మాట చెబుతాడేమోనని."

"ఇప్పుడు కాదు పిన్నిగారూ," అంది పీఏ భార్య గుసగుసగా. "మంత్రిగారు విశ్రాంతి తీసుకుంటున్నారు."